బీసీ547బీ ట్రాన్సిస్టర్ బదులు ఏది పెట్టొచ్చు? 547సీ, 548బీ, సీ945, పీఎన్2222ఏ: కాళ్ల వరుస, గెయిన్ తేడాలు

సోల్డర్_దేవరకొండ

నమస్తే అన్నలూ. ఓవర్‌హెడ్ ట్యాంకు నిండితే బోరు మోటర్ బంద్ చేసే ఆటో బోర్డు ఒకటి రిపేరుకు వచ్చింది. సప్లయ్ 12 వోల్టుల డీసీ. రిలే కాయిల్ మీటర్‌ల 400 ఓములు చూపిస్తున్నది. ట్యాంకుల నీళ్లు ఎంతవరకు ఉన్నయో పట్టే కడ్డీలకు రెండు బీసీ547బీ ట్రాన్సిస్టర్లు, రిలేకు (మోటర్‌ను ఆన్, ఆఫ్ చేసే కాయిల్ స్విచ్) ఇంకో బీసీ547బీ, మధ్యల ఒక బీసీ557బీ, ఒక సీ1815 జీఆర్ ఉన్నయి. కడ్డీ వైపు ఒకటి, రిలేది, సీ1815, మూడూ షార్ట్ అయినయి.

ఇక్కడ దుకాణంల 547బీ దొరకలే. బీసీ547సీ, బీసీ548బీ, సీ945 పీ, పీఎన్2222ఏ ఇచ్చి "అన్నీ ఒకటే, ఏదన్నా పెట్టుకో" అన్నరు.

కడ్డీ దగ్గర 547సీ పెడితే ట్యాంకు నిండంగనే మోటర్ ఆగుతున్నది. నీళ్లు కిందికి దిగినంక కూడా ఫుల్ లైటు ఆరుతలేదు. కడ్డీలను, అవి బిగించిన ప్లాస్టిక్ మూతను బట్టతోని తుడిస్తే ఆరుతున్నది. రిలే దగ్గర పీఎన్2222ఏ పెడితే రిలే గుర్రుమంటున్నది గని లాగుతలేదు. రెండు ముక్కలూ మీటర్ మీద మంచిగనే ఉన్నయి. రిలే బేస్ రెసిస్టర్ 4.7 కిలో ఓములు, కడ్డీ వైపు బేస్‌కు 100 కిలో, కలెక్టర్‌కు 10 కిలో.

ఏది ఎక్కడ పెట్టాలె? ఏది అసలే పెట్టొద్దు? హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీ నుంచి సరుకు తెప్పించేలోపల ఆ ఇంట్ల నీళ్లు నడవాలె.

పాలమూరు_సర్క్యూట్

ముందు రిలే సంగతి చూద్దాం తమ్మీ. అది కాళ్ల వరుస తేడా.

చదును ముఖం నీ వైపు, కాళ్లు కిందికి పెట్టి ఎడమ నుంచి కుడికి చదువు. బీసీ547కు కలెక్టర్, బేస్, ఎమిటర్. పీఎన్2222ఏకు ఎమిటర్, బేస్, కలెక్టర్. పాతది ఎట్ల కూర్చున్నదో కొత్తది అట్లనే కూర్చోబెడితే బేస్ సరైన రంధ్రంలనే పడ్డది గని ఎమిటర్, కలెక్టర్ తారుమారైనయి. అట్ల ఎక్కిన ట్రాన్సిస్టర్ పూర్తిగా చచ్చిపోదు, అదే మనిషిని తికమక పెడ్తది. తిరగేసి నడిపితే గెయిన్, అంటే బేస్ కరెంటును ఎన్ని రెట్లు పెంచుతదో ఆ లెక్క, నాలుగైదు దాకా పడిపోతది. 4.7 కిలో నుంచి బేస్‌కు 2.4 మిల్లీ యాంపులు వస్తున్నయి. దాన్ని అయిదింతలు చేసినా 12 మిల్లీ యాంపులే. నీ కాయిల్‌కు 30 కావాలె. 12 మిల్లీ యాంపులకు 400 ఓముల కాయిల్ మీద 4.8 వోల్టులు పడ్తయి. 12 వోల్టుల రిలేలు సాధారణంగా 9 వోల్టుల దగ్గర లాగుతయి. అందుకే గుర్రుమని ఊకుంటున్నది.

ఇంకో నష్టం కూడా ఉన్నది. రిలే ఆఫ్‌ల ఉన్నప్పుడు ఆ 12 వోల్టులు కాయిల్ మీదుగ ఎమిటర్ మీదికి వస్తున్నయి. 2222ఏ ఎమిటర్-బేస్ జంక్షన్‌కు తిరుగు వోల్టేజీ 6 వోల్టులే అని డేటాషీట్ మాట. ఏడెనిమిది దగ్గర అది జీనర్ డయోడ్ లెక్క ఎదురు దిక్కుల తెరుచుకొని కరెంటును బేస్ నుంచి వెనక్కి, దాన్ని నడిపే స్టేజీలకు తోస్తది. ఇట్ల కొంతసేపు నడిచిన ముక్కకు చిన్న కరెంట్ల దగ్గర గెయిన్ శాశ్వతంగ తగ్గుతది. దాన్ని తీసి రిలేలకో ఎల్‌ఈడీలకో పక్కకు పెట్టుకో. కడ్డీ దగ్గర మాత్రం వాడకు.

ఇప్పుడు కొత్త పీఎన్2222ఏను చదును ముఖం అవతలికి తిప్పి పెట్టు, వరుస సరిపోతది. 40 వోల్టులు, 600 మిల్లీ యాంపుల సరుకు, ఈ రిలేకు ఎక్కువనే. ఒక్క జాగ్రత్త. మోటరోలా, ఆన్‌సెమీ వాళ్లు పీ2ఎన్2222ఏ అని అచ్చువేసి అమ్మిన రకం ఉన్నది. దాని వరుస బీసీ547 లెక్కనే కలెక్టర్, బేస్, ఎమిటర్. ముందర ఒక "పీ", దాని వెనక "2ఎన్" కనిపిస్తే తిప్పకుండా పెట్టాలె. సర్క్యూట్ బొమ్మల ఉన్న పేరు చూసి నమ్మకు, ముక్క మీద అచ్చు చదువు.

రిలే జాగాకు అన్నిటికన్నా మంచిది బీసీ337-25 లేదా బీసీ337-40. కాళ్ల వరుస 547దే, 45 వోల్టులు, కరెంటు సామర్థ్యం కంపెనీని బట్టి 500 నుంచి 800 మిల్లీ యాంపులు. కోఠి నుంచి తెప్పించేటప్పుడు 547బీతోపాటు ఇవి కూడా ఒక పాకెట్ రాసి పంపు. పెట్టే ముందు కాయిల్‌కు అడ్డంగ ఉన్న 1ఎన్4007 డయోడ్‌ను ఒక కాలు ఎత్తి చూడు. అది తెగి ఉంటే ఏ ట్రాన్సిస్టర్ పెట్టినా రిలే వదిలినప్పుడల్లా కాయిల్ కొట్టే వోల్టేజీకి పోతనే ఉంటది. మొదటిది షార్ట్ కావడానికి అదే కారణమై ఉండొచ్చు.

ఓమ్స్‌లా_నల్గొండ

కడ్డీ దగ్గరి లోపం నేను చెప్తాను. అక్కడ కాళ్లు సరిగ్గానే ఉన్నాయి, తేడా చివరి అక్షరంలో ఉంది.

బీసీ547కు ఏ అంటే గెయిన్ 110 నుంచి 220, బీ అంటే 200 నుంచి 450, సీ అంటే 420 నుంచి 800. ఈ అంకెలు కలెక్టర్-ఎమిటర్ మధ్య 5 వోల్టులు, కలెక్టర్ కరెంటు 2 మిల్లీ యాంపులు ఉన్నప్పుడు కొలిచినవి. అక్షరమే లేని ఒట్టి బీసీ547 ఈ మొత్తం పరిధిలో ఎక్కడైనా ఉండొచ్చు. వోల్టేజీ, కరెంటు, కాళ్ల వరుస మూడింటికీ ఒకటే.

మీ కడ్డీ స్టేజీ లెక్క చూడండి. కలెక్టర్‌లో 10 కిలో ఉంది కాబట్టి ట్రాన్సిస్టర్ పూర్తిగా ఆన్ కావడానికి 1.2 మిల్లీ యాంపులు చాలు. గెయిన్ 300 ఉన్న బీ రకానికి బేస్‌లో 4 మైక్రో యాంపులు కావాలి. 600 ఉన్న సీ రకానికి 2 మైక్రో యాంపులే. బేస్ మీద 0.65 పోగా మిగిలే 11.35 వోల్టులను వీటితో భాగించండి. బీ రకం కడ్డీల మధ్య రెసిస్టెన్స్ సుమారు 2.8 మెగా ఓములకు దిగితే పూర్తిగా ఆన్ అవుతుంది. సీ రకానికి 5.6 మెగా ఓములు ఉన్నా చాలు. నీటిలో మునిగిన కడ్డీల మధ్య రెసిస్టెన్స్ ఇంతకన్నా ఎంతో తక్కువ కాబట్టి నిండడాన్ని ఏ రకమైనా పట్టుకుంటుంది. తేడా వచ్చేది నీళ్లు దిగాకే. మూత మీద మిగిలిన తడిపొర మూడు, నాలుగు మెగా ఓముల దగ్గర ఉంటే దాన్ని కూడా సీ రకం నీళ్లనే అనుకుంటుంది. మన నల్గొండ వైపు బోరు నీళ్లలో లవణాలు ఎక్కువ, ఎండిన తెల్లటి పొర మళ్లీ చెమ్మ పట్టగానే కరెంటు పారుతుంది. తుడిస్తే లైటు ఆరిందన్నారు కదా, రుజువు అదే.

547సీని తీసేయాల్సిన పని లేదు. దాని బేస్‌కు, ఎమిటర్‌కు మధ్య బోర్డు వెనకవైపు ఒక 100 కిలో రెసిస్టర్ కలపండి. బేస్ 0.65 వోల్టులకు ఎక్కాలంటే ముందు ఈ రెసిస్టర్‌కు 6.5 మైక్రో యాంపులు ఇచ్చుకోవాలి, ఆ తర్వాతే ట్రాన్సిస్టర్ వంతు. ఇప్పుడు సీ రకానికి మొత్తం 8.5, బీ రకానికి 10.5 మైక్రో యాంపులు కావాలి. అంటే ఆన్ అయ్యే హద్దు సీకి 1.3, బీకి 1.1 మెగా ఓములు. అక్షరం తేడా దాదాపు లేకుండా పోయింది. నాలుగు మెగా ఓముల చెమ్మ 3 మైక్రో యాంపుల లోపే ఇస్తుంది, అంతా రెసిస్టర్ తాగేస్తుంది. రెండు కడ్డీ స్టేజీలకూ ఈ రెసిస్టర్ పెట్టడమే మేలు. రేపు ఇంకెవరో బీ తీసి సీ పెట్టినా బోర్డు నడత మారదు.

కడ్డీల వైరు మోటర్ వైరు పక్కనే మేడ మీదికి పోతుంటే ఆ 100 కిలోకు సమాంతరంగా ఒక 1 మైక్రోఫారడ్ కెపాసిటర్ కూడా పెట్టండి. గెయిన్ ఎక్కువున్న ట్రాన్సిస్టర్ ఆ వైరు మీద ఎక్కే 50 హెర్ట్జ్ గోలను కూడా పట్టుకుంటుంది. అప్పుడు లైటు సన్నగా వణుకుతుంది.

దీనికి ఎదురు లోపం కూడా మన దగ్గర మామూలే. కడ్డీ మీద సున్నం గట్టిగా పేరుకుంటే నీళ్లున్నా కరెంటు పారదు. దాన్ని చూసి ట్రాన్సిస్టర్ వీక్ అయిందని సీ రకం పెట్టేవాళ్లున్నారు. కొన్నాళ్లు నడుస్తుంది, తర్వాత మీకు వచ్చిన ఈ లోపమే వస్తుంది. కడ్డీని ఇసుక కాగితంతో మెరిసేదాకా రుద్దిన తర్వాతే బోర్డు మీద చెయ్యి వేయాలి.

జడ్చర్ల_రిలే

పై ఇద్దరూ చెప్పినదానికి ఒక్కటే కలుపుత: నీ దగ్గరున్న సీ945 పీని 547 జాగాల పెట్టకు. సీ1815 జాగాల పెట్టు. అది దాని కోసమే అన్నట్టు ఉంటది.

సీ1815, సీ945 రెండింటికీ వరుస ఎమిటర్, కలెక్టర్, బేస్. నడుమ కాలు కలెక్టర్, బేస్ కాదు. సీ1815లో ఓ అంటే 70 నుంచి 140, వై అంటే 120 నుంచి 240, జీఆర్ అంటే 200 నుంచి 400, బీఎల్ అంటే 350 నుంచి 700. సీ945లో ఆర్ అంటే 90 నుంచి 180, క్యూ అంటే 135 నుంచి 270, పీ అంటే 200 నుంచి 400, కె అంటే 300 నుంచి 600. జీఆర్ తీసి పీ పెడితే గెయిన్ పరిధి అచ్చంగ అదే. 50 వోల్టులు రెండింటికీ. కాళ్లు వంచే పని లేదు.

సీ945నే 547 రంధ్రాలల్ల పెట్టక తప్పకపోతే ఉత్తగ తిప్పితే కుదరదు. తిప్పినప్పుడు వరుస బేస్, కలెక్టర్, ఎమిటర్ అయితది. రంధ్రాల వరుస కలెక్టర్, బేస్, ఎమిటర్. కాబట్టి మొదటి రెండు కాళ్లను ఒకదాని మీంచి ఒకటి దాటించాలె, దాటిన కాలికి సన్న స్లీవ్ ఎక్కించాలె. వంచేటప్పుడు కాలు మొదట్ల పగలకుండ ప్లాస్టిక్ దగ్గర ముక్కుపటకారతోని పట్టుకొని కిందనే వంచు.

అక్షరాల విషయంల గుర్తుపెట్టుకోవాల్సింది: ఒక సిరీస్ అక్షరానికి ఇంకో సిరీస్‌ల అర్థం వేరు. బీసీ547 వెనక సీ అంటే గెయిన్ గుంపు. సీ945 ముందర సీ అంటే జపాన్ 2ఎస్‌సీ పేరుల 2ఎస్ వదిలేసి మిగిల్చింది. ఇంకా చిక్కు ఏందంటే కొన్ని కంపెనీలు బీసీ547బీ మీద ముందు బీ తీసేసి "సీ547బీ" అని అచ్చేస్తయి. అది జపాన్ ముక్క కాదు, మన 547బీనే, వరుస కలెక్టర్, బేస్, ఎమిటర్. అట్లనే సీ557బీ అంటే బీసీ557బీ. ఇవి చూసి 945 లెక్క కాళ్లు దాటిస్తే పని చెడ్తది.

పాత స్టాకుల బీసీ182ఎల్, బీసీ212ఎల్ దొరుకుతయి. ఆ చివరి ఎల్ గెయిన్‌ది కాదు, కాళ్లు మారినయని గుర్తు. ఎల్ లేని బీసీ182కు కలెక్టర్, బేస్, ఎమిటర్. ఎల్ ఉన్నదానికి ఎమిటర్, కలెక్టర్, బేస్.

సోల్డర్_దేవరకొండ

అన్నలకు వందనాలు. 2222ఏ కొత్తది తిప్పి పెట్టిన, రిలే గట్టిగ లాగుతున్నది, డయోడ్ మంచిగనే ఉన్నది. 945 పీ సీ1815 జాగాల ఎక్కింది. 547సీకి 100 కిలో కలిపినంక తడి మూత మీద కూడా లైటు ఆరుతున్నది.

ఇంకో రెండు అడుగుత. డబ్బాల అచ్చు చెరిగిపోయిన ముక్కలు చానా ఉన్నయి, వాటి కాళ్లు మీటర్‌తోని ఖచ్చితంగ పట్టేదెట్ల? ఇంక బీసీ548బీలు మిగిలినయి, స్టెబిలైజర్ల రిలేలకు వాడొచ్చా?

పాలమూరు_సర్క్యూట్

కాళ్లు పట్టడం. మీటర్‌ను డయోడ్ గుర్తు మీద పెట్టు. ఎర్ర ప్రోబ్ ఒక కాలికి ఆనించి, నల్లది మిగిలిన రెండింటికీ మార్చి మార్చి పెట్టు. రెండు దిక్కుల 0.6, 0.7 వస్తే ఎర్రది ఉన్నది బేస్, ముక్క ఎన్‌పీఎన్ (547 లాంటిది). నల్ల ప్రోబ్ నిలిపి ఎర్రది మార్చినప్పుడు అట్ల వస్తే పీఎన్‌పీ (557 లాంటిది). ఆ రెండు రీడింగులల్ల కొంచెం ఎక్కువ చూపించేది ఎమిటర్. తేడా చాలాసార్లు చివరి ఒకటి రెండు అంకెలల్లనే ఉంటది. వేలితో పట్టుకొని కొలిస్తే వేడికి రీడింగ్ దిగుతది, ఆ చిన్న తేడా తలకిందులైతది. ముక్కను బల్ల మీద పెట్టి కొలువు.

అనుమానం మిగిలితే ఇంకో పరీక్ష ఉన్నది, ఇది బోల్తా కొట్టదు. 12 వోల్టుల సప్లయ్ తీసుకో, 10 కిలో రెసిస్టర్ సిరీస్‌ల పెట్టు. ఎన్‌పీఎన్ ముక్కకు నెగెటివ్ బేస్‌కు, పాజిటివ్ రెసిస్టర్ మీదుగ మిగిలిన కాళ్లల్ల ఒకదానికి. ఆ కాలికీ బేస్‌కూ మధ్య వోల్టేజీ చూడు. ఏడు, తొమ్మిది మధ్యల నిలబడితే అది ఎమిటర్. పూర్తి 12 కనిపిస్తే కలెక్టర్. చిన్న సిగ్నల్ ట్రాన్సిస్టర్ల ఎమిటర్ జంక్షన్ అంత తక్కువలనే తెరుచుకుంటది, కలెక్టర్ జంక్షన్ తెరుచుకోదు. చూసి వెంటనే తీసెయ్యి, ఎందుకో పైన రాసిన.

తర్వాత మీటర్‌ల గెయిన్ కొలిచే హెచ్‌ఎఫ్‌ఈ సాకెట్ల పెట్టి చూడు. ఎమిటర్, కలెక్టర్ తిరగేసి పెడితే రీడింగ్ చిన్నగ వస్తది, సరిగ్గ పెడితే వందలల్ల. టిప్122 లాంటి డార్లింగ్టన్ ముక్కలకు ఈ సాకెట్ పనికిరాదు. లోపల రెండు ట్రాన్సిస్టర్లు, బేస్-ఎమిటర్ల మధ్య రెసిస్టర్లు ఉంటయి కాబట్టి సాకెట్ ఇచ్చే చిన్న కరెంటు రెసిస్టర్లల్లనే పోతది. మంచి ముక్క కూడా చచ్చినట్టు చూపిస్తది.

547సీ అని అచ్చు ఉండి సాకెట్ల 180 చూపిస్తే, అది సీ కాదు. పాకెట్‌లోంచి ఒక అయిదారు కొలిచి చూసి, అన్నీ అట్లనే ఉంటే పాకెట్ మీద నీ చేతితో "ఏ" అని రాసుకో. రిలేలకు, ఎల్‌ఈడీలకు హాయిగ వాడుకోవచ్చు.

ఓమ్స్‌లా_నల్గొండ

రిలేకు గెయిన్ తక్కువున్న ముక్క కూడా చాలన్న మాట బేస్ రెసిస్టర్ మీద ఆధారపడి ఉంటుంది, అది చూసుకోండి. 4.7 కిలో ఉన్న బోర్డులో గెయిన్ 13 ఉన్నా చాలు. కొన్ని చవక బోర్డుల్లో అక్కడ 100 కిలో పెడతారు. బేస్‌కు వచ్చేది 0.113 మిల్లీ యాంపులు. గెయిన్ 200 ఉన్న బీ ముక్క దాన్ని 22.6 దాకే పెంచగలదు, కాయిల్‌కు 9 వోల్టులే దక్కుతాయి. రిలే లాగీ లాగనట్టు కొట్టుకుంటుంది, ఊళ్లో లైన్ వోల్టేజీ పడిపోతే వదిలేస్తుంది. అలాంటి బోర్డు 547సీ మీదే బతుకుతోంది. పాత ముక్క సీ అయితే సీనే పెట్టండి, లేదా ముందు స్టేజీ 2.4 మిల్లీ యాంపులు ఇవ్వగలదని చూసుకొని రెసిస్టర్‌ను 4.7 కిలోకు దించండి.

ఇక బీసీ548. గెయిన్ అక్షరాలు, కాళ్లు, 100 మిల్లీ యాంపులు అన్నీ 547వే. వోల్టేజీ ఒక్కటే వేరు: బీసీ546కు 65, బీసీ547కు 45, బీసీ548కు 30. మీ ట్యాంకు బోర్డు 12 వోల్టులది, డయోడ్ మంచిగుంది కాబట్టి అందులో 548బీ నిర్భయంగా పెట్టొచ్చు. అసలు కడ్డీ స్టేజీకి మీ దగ్గరున్న వాటిలో 547బీకి అచ్చమైన జోడీ అదే, అక్షరం కూడా బీనే.

స్టెబిలైజర్‌లో 24 వోల్టుల రిలేలుంటే మాత్రం వద్దు. 24 వోల్టుల ఏసీ వైండింగ్‌ను బ్రిడ్జి పెట్టి, రెగ్యులేటర్ లేకుండా కెపాసిటర్‌కు ఇస్తే లోడ్ లేనప్పుడు 32 వోల్టుల పైన నిలబడుతుంది. 230 ఉండాల్సిన చోట లైన్ 260కి ఎక్కితే అది 36 దాటుతుంది. రిలే ఆఫ్‌లో ఉన్నంతసేపూ ఆ మొత్తం ట్రాన్సిస్టర్ మీదే ఉంటుంది, 548 తట్టుకునేది 30. అక్కడ బీసీ546బీ పెట్టండి. కెపాసిటర్ మీద వోల్టేజీ కొలిచి చూస్తే ఏది పెట్టాలో మీకే తెలుస్తుంది.

జడ్చర్ల_రిలే

కొత్త ట్యాంకు బోర్డులల్ల ఈ ముక్కలే చిన్న ఎస్‌ఎండీ రూపంల (రంధ్రాలు లేకుండ బోర్డు మీదనే అతికేవి) వస్తున్నయి, వాటి మీద పేరు ఉండదు, కోడ్ ఉంటది. 1ఈ అంటే బీసీ847ఏ, 1ఎఫ్ అంటే 847బీ, 1జీ అంటే 847సీ. ఇవి 547ఏ, బీ, సీలకు అన్నదమ్ములే. 1కె అంటే బీసీ848బీ, 30 వోల్టులది. 3ఎఫ్ అంటే బీసీ857బీ, పీఎన్‌పీ. జే3వై అంటే ఎస్8050, వై1 అంటే ఎస్‌ఎస్8050. ఈ రెండూ 25 వోల్టులవే, 12 వోల్టుల రిలేకు సరే, 24కు పెట్టొద్దు. కోడ్ పక్కన ఇంకో చిన్న గుర్తు ఉంటే అది ఫ్యాక్టరీది, దాన్ని కలిపి చదవకు.

వీటన్నిటికీ కాళ్లు ఒకటే తీరు. ఒంటి కాలు పైకి పెట్టి చూస్తే పైది కలెక్టర్, కింద ఎడమది బేస్, కుడిది ఎమిటర్. రిలే నడిపే ఎన్‌పీఎన్ ముక్క అయితే బోర్డు మీద కూడా సరిచూసుకో: ఎమిటర్ గ్రౌండ్‌కు పోతది; కలెక్టర్ రిలే కాయిల్‌కు, డయోడ్ గీత లేని కొసకు పోతది; బేస్ రెసిస్టర్‌కు పోతది. ఎస్‌ఎండీ ముక్క చేతిల లేకపోతే 547నే మూడు సన్న తీగలతోని ఆ ప్యాడ్లకు అతికించొచ్చు. తీగలు సగం అంగుళం దాటకుండ చూడు, తర్వాత ఒక చుక్క జిగురు వెయ్యి. లేకపోతే మోటర్ స్టార్టర్ డబ్బాల వణుకుకు ప్యాడ్ లేచి వస్తది.